చలికాలంలో పిచ్చర్‌కు విశ్రాంతా, షోకేసా?

అందరికీ నమస్కారం. క్రికెట్ తప్ప మరో ఆట తెలియని తండ్రిని. ఉండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. మా అబ్బాయికి 15 ఏళ్లు, పదో తరగతి, హైస్కూల్ బేస్‌బాల్ జట్టులో కుడిచేతి పిచ్చర్, అంటే మన క్రికెట్‌లో బౌలర్‌లా బంతి విసిరేవాడు.

అక్టోబరులో ఆటలు ముగిశాయి. మేజర్ లీగ్ (అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ లీగ్) వారి 'పిచ్ స్మార్ట్' సూచనల ప్రకారం ఈ వయసు పిల్లలు ఏడాదిలో కనీసం 4 నెలలు పోటీల్లో పిచింగ్ మానాలి. అందులో 2, 3 నెలలు వరుసగా చేయి పైకెత్తి బంతి విసరనే కూడదు. కోచ్ మాత్రం జనవరి షోకేస్‌కు (కాలేజీ కోచ్‌ల ముందు పిల్లలు తమ ఆట చూపించే కార్యక్రమం) వెళ్లకపోతే కాలేజీల కంట పడడని అంటున్నారు. రుసుము 600 డాలర్లు, ప్రయాణం అదనం. పోయిన నెలే మోచేయి నొప్పి అన్నాడు. నాకు అదే భయం.

డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కోచ్‌లు పదకొండో తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 దాకా పిల్లలతో నేరుగా మాట్లాడకూడదు కదా, మరి ఇప్పుడే ఈ తొందర ఎందుకు? ఈ మూడు నెలలూ కాళ్లు, నడుము బలానికి వ్యాయామాలు చేయించి, వేసవిలో తను చేరాలనుకునే కాలేజీల క్యాంపులకే పంపితే సరిపోతుందా? వీడియోలు మనమే కోచ్‌లకు పంపితే చూస్తారా? పిల్లలను ఈ దారిలో నడిపించినవారు దయచేసి చెప్పండి. వాళ్లమ్మ అయితే ముందు లెక్కల మార్కులు చూడమంటోంది.