జాక్ రసెల్ టెర్రియర్ కుక్కని ఫ్లాట్‌లో పెంచొచ్చా? పెంచినవాళ్లు చెప్పండి

లాసన్స్‌బే_రవి:
ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు, రెండు బెడ్‌రూములు. మొన్న పొద్దున్న ఆర్కే బీచ్‌లో ఒకాయన దగ్గర జాక్ రసెల్‌ని చూశాను. ఒళ్లంతా తెలుపు, ఒక చెవి గోధుమరంగు. పీత కన్నంలో మూతి దూర్చి తుమ్ముతోంది, మళ్లీ దూరుస్తోంది. అప్పట్నుంచి మనసు దాని మీదే ఉంది. అమ్మేవాడు పిల్లకి నలభై రోజులన్నాడు. "ఐదారు కిలోలకి మించదు సార్, ఫ్లాట్‌కి బ్రహ్మాండంగా సరిపోద్ది" అన్నాడు. మేమిద్దరం ఆఫీసుకెళ్తే అమ్మ ఒక్కతే ఉంటుంది, తోడుంటుందని ఆశ. తీసుకోమంటారా?

మధురవాడ_మూర్తి:
వద్దు. కుక్కని కిలోలు చూసి కొనకూడదండీ, దాని పనేంటో చూసి కొనాలి. టెర్రియర్ అన్న మాట పుట్టిందే నేల అనే అర్థం నుంచి. ఇంగ్లాండులో డెవన్‌కి చెందిన జాన్ (ముద్దుగా జాక్) రసెల్ అనే చర్చి ఫాదరు 1819లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఒక పాలవాడి నుంచి ట్రంప్ అనే ఆడకుక్కని కొన్నాడు. ఈ జాతికి మూలం అక్కడుంది. నక్క బొరియలోకి దూరితే ఇదీ వెనకే దూరి, మొరిగి మొరిగి బయటికి తరమాలి. ఆ చీకట్లో చెప్పేవాడుండడు, సొంత బుర్ర వాడాల్సిందే. మీరు "రా" అంటే రాకపోవడం పొగరు కాదు, రెండొందల ఏళ్ల ఉద్యోగం. మా పెరట్లో మామిడి చెట్టు చుట్టూ గోతులే. పోయిన వానాకాలం పామునే పట్టింది. జెర్రిపోతు కాబట్టి బతికిపోయాం.

సింహాచలం_మెట్లు:
ఏటండీ, అడగ్గానే భయపెట్టేయడమేనా? సీతమ్మధారలో ఫ్లాటు మాది, నాలుగేళ్లుగా ఉంది. రెండు పూటలా తిప్పితే పడుకుంటుంది. మీకు పెరడుంది కాబట్టి గోతులున్నాయి. మాకు పెరడూ లేదు, గోతులూ లేవు.

మధురవాడ_మూర్తి:
మీది తొమ్మిది కిలోలని పోయిన నెల మీరే రాశారు. ఈ జాతి ప్రమాణం ప్రకారం ఎత్తు 25 నుంచి 30 సెంటీమీటర్లు, ప్రతి 5 సెంటీమీటర్లకి ఒక కిలో. అంటే ఆరు దాటకూడదు. అది అసలు జాక్ రసెలేనా?

సింహాచలం_మెట్లు:
మా కుక్క జాతకం మీకెందుకు? మా అత్తగారు ఇడ్లీలు పెడుతుంది, అందుకే లావెక్కింది.

మధురవాడ_మూర్తి:
ఎత్తెంతో చెప్పండి ముందు.

ఉప్పుగాలి:
రవి గారి ప్రశ్న ఎటో కొట్టుకుపోయింది.

వెట్_కుర్రాడు:
రవి అన్నా, నలభై రోజుల పిల్ల వద్దే వద్దు. కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండకుండా అమ్మకూడదు. తల్లిని చూపించమను. తెల్ల కుక్కల్లో పుట్టుచెవుడు ఉండొచ్చు. వెనక నిలబడి తాళాలు గలగలలాడించు, తల తిప్పుతుందో లేదో చూడు. అనుమానమొస్తే డాక్టరు దగ్గర పరీక్ష చేయించు. ఈ జాతిలో కంటి కటకం జారిపోయే జబ్బొకటి వంశపారంపర్యంగా వస్తుంది, తల్లిదండ్రులకి జన్యుపరీక్ష చేయించారా అని అడుగు. మన ఉక్కపోతకి గోమార్లు ఎక్కువ, టిక్ ఫీవర్‌తో జాగ్రత్త. ఎండాకాలం తెల్లారకముందే తిప్పాలి.

గాజువాక_గణేష్:
మా అసోసియేషన్ కుక్కని లిఫ్టు ఎక్కనివ్వట్లేదు.

వెట్_కుర్రాడు:
ఎక్కనివ్వాల్సిందే అన్నా. జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాలు ప్రింటు తీసి చూపించు.

సింహాచలం_మెట్లు:
మూర్తి గారూ, సూటిగా అడుగుతున్నా. మీకు సొంతిల్లుంది. ఫ్లాటుల్లో ఉండేవాళ్లకి కుక్క అర్హత లేదని మీ ఉద్దేశం. అప్పుడు పగ్ గురించి అడిగినా ఇదే పాట.

మధురవాడ_మూర్తి:
ఇల్లు ఉందని కాదండీ. ఇల్లు కట్టకముందు మేమూ ద్వారకానగర్‌లో ఫ్లాటులోనే ఉన్నాం. కుక్కని కొన్నది నేను. పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆఫీసుకి పోయిందీ నేనే. రాత్రి దాకా చూసుకున్నది మా అమ్మ, అప్పటికి డెబ్భై రెండేళ్లు. బెల్లు మోగితే ఇది గుమ్మం మీదికి ఉరికేదని, గొలుసు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని తలుపు తీసేది. ఒకరోజు పాల కుర్రాడొచ్చాడు. వాడి వెనక మెట్ల మీద పిల్లి. అంతే. ఐదు కిలోల కుక్క, మణికట్టు విరిగింది. "కుక్కది తప్పు కాదురా" అంది ఆస్పత్రిలో. మరి ఎవరిదో అనలేదు.

సింహాచలం_మెట్లు:
అయ్యో. చెయ్యి బాగైందా?

మధురవాడ_మూర్తి:
అతుక్కుంది. జడ వేసుకోలేదు ఇప్పటికీ. రవి గారు "అమ్మకి తోడు" అనగానే నాకు నోరాగలేదు. మీ ఇంట్లో రెండు పూటలా తిప్పేదెవరు?

సింహాచలం_మెట్లు:
అత్తగారే. ఆవిడ ఇష్టపడే చేస్తోంది.

మధురవాడ_మూర్తి:
అడిగారా?

సింహాచలం_మెట్లు:
ఇప్పుడే అడిగాను. "కడుపు నిండితే కాసేపు కదలకుండా పడుంటుంది నాయనా, అందుకే ఆ ఇడ్లీలు" అంది. రేపట్నుంచి పొద్దున్నపూట నేను తిప్పుతాను. ఎత్తు 29, రాసుకోండి.

లాసన్స్‌బే_రవి:
నేనూ అమ్మని అడిగాను. "తోడా? సాయంత్రం శివాజీ పార్కులో నా స్నేహితులున్నారు కదరా. కుక్కొస్తే నన్నెవరు వెళ్లనిస్తారు?" అంది. ప్రస్తుతానికి ఆపేశాను. అమ్మేవాడికి ఎనిమిది వారాల నిబంధన చెప్పాను. మొన్న నలభై రోజులన్న పిల్లకి ఇవాళ అరవై నిండాయంటున్నాడు.