మాతృసంస్థ నీడలో మా పఠనాలయం: ఆస్తి ఎవరిది?

ప్రశ్న:
పెదజాలరిపేటలో మత్స్యకారుల పిల్లల కోసం మేం నడిపే పఠనాలయానికి సొంత రిజిస్ట్రేషన్ లేనందున, విశాఖలోని ఒక పెద్ద స్వచ్ఛంద సంస్థ పేరు మీదే విరాళాలు తీసుకుంటున్నాం. అందులో పది శాతం నిర్వహణ ఖర్చుల కింద వారు మినహాయించుకోవడంపై మాకు అభ్యంతరం లేదు. కానీ రేపు మేం విడిపోతే బీరువాలు, పుస్తకాలు, మిగిలిన సొమ్ము ఎవరికి చెందుతాయి?

జవాబు 1:
రాతపూర్వక ఒప్పందం లేనంతవరకు అవన్నీ సంస్థవేనండి. దాతలకు ఆదాయపన్ను మినహాయింపు దక్కేలా చేసే 80జి గుర్తింపు వారికే ఉన్నది, ఏటా ఆదాయపన్ను శాఖకు విరాళాల వివరాలు సమర్పించేదీ, ఆడిట్‌లో జవాబుదారీ అయ్యేదీ వారే. అందువల్ల మీ పఠనాలయానికి విడిగా ఖాతా పుస్తకం, నెలనెలా లెక్క, విడిపోతే నిల్వను అర్హత గల సంస్థకు అప్పగించే షరతు కోసం పట్టుబట్టండి. బీరువా కొన్న బిల్లు ఎవరి పేరున ఉందో ముందు చూసుకోండి. తగాదాలు సాధారణంగా అక్కడే మొదలవుతాయి.

జవాబు 2:
విదేశీ విరాళాల విషయంలో ఆ షరతు పనిచేయదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ తరువాత అటువంటి నిధులను మరో సంస్థకు బదిలీ చేయరాదు, పరిపాలనా వ్యయం 20 శాతం మించరాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరివారు పంపినదీ విదేశీ విరాళమే.

ప్రశ్న అడిగినవారు:
అయితే సొంతంగా సొసైటీ పెట్టుకోవడమే మేలంటారా?

జవాబు 1:
2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే నమోదు చేయవచ్చు. అయితే ఏటేటా లెక్కలు దాఖలు చేసే ఓపిక ఆ ఏడుగురిలో ఒక్కరికైనా ఉండాలి.