బేచిరాగ్ ఊరు అంటే ఏంటి?

తాత పేరు మీదున్న భూమికి పహాణీ (రెవెన్యూ వాళ్ళ భూమి రికార్డు) తీయించాను, గ్రామం అన్నచోట నేనెప్పుడూ వినని పేరుంది. మండలం మాదే, చేను మాదే, ఆ పేరుతో ఊరు మాత్రం చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఆఫీసులో అడిగితే "అది బేచిరాగ్ ఊరు" అన్నారు. ఈ మాట తెలుగా, ఉర్దూనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: ఫార్సీ నుంచి ఉర్దూ మీదుగా నిజాం కాలపు రెవెన్యూ లెక్కల్లోకి వచ్చిన మాట అన్నా. చిరాగ్ అంటే దీపం, బే అంటే లేని. బేకారు, బేఖాతరు, బేషరతు అన్నిట్లో ఉన్నది ఈ బే నే. దీపం వెలగని ఊరు అన్నమాట. మా దిక్కు బేచిరాక్ అని కూడా అంటరు. మనుషులు పోయినా సర్వే నంబర్లుంటయ్, శివారు ఉంటది, పక్క ఊర్లవాళ్ళు సాగు చేస్కుంటరు, అందుకే కాయితంలో ఊరు అట్లనే నిలబడింది. జనాభా లెక్కల్లో కూడా ఇట్లాంటి ఊర్ల పేరు ఎదురుగా సున్నా వేస్తరు. నాకు బాగా నచ్చేది ఏంటంటే ఇదే ఊహ తెలుగులో ముందునుంచీ ఉంది, వారసులు లేని ఇంటిని "దీపం పెట్టే దిక్కు లేదు" అంటం కదా, ఇంటికి మనం అన్న మాటనే ఊరికి ఉర్దూవాళ్ళు అన్నరు.

ఇంకోటి, మీ చేను దగ్గర పాటిగడ్డ ఉందేమో చూడండి. కాడు కాటి అయినట్టు, నాడు నాటి అయినట్టు, పాడు పాటి అయింది, పాడుబడ్డ ఊరి దిబ్బ అది. పాటిమట్టి అంటే బూడిద, పేడ, కుండపెంకులు కలిసిన నల్లమన్ను, ఎండాకాలం బండ్లకెత్తి పొలాలకు తోలేవాళ్ళు, ఎరువు లెక్క పనిచేస్తది. హైదరాబాద్‌లో బేగంపేట పక్కన కూడా ఒక పాటిగడ్డ ఉంది.

జవాబు: మా కర్నూలు పక్క ఈ మాట నేను వినలేదు సార్. మావి మునక ఊర్లు. శ్రీశైలం డ్యాం నీళ్ళకు 1981లో ఊర్లకు ఊర్లు ఖాళీ చేయించినారు. కూడవెల్లి సంగమేశ్వరుని గుడి రాయి రాయి విప్పి అలంపురంలో కట్టినారు. సప్తనదుల సంగమేశ్వరం గుడి అక్కడే ఉండిపోయింది, ఎండాకాలం నీళ్ళు తగ్గితే బయటపడుతుంది, అప్పుడు జనం పోయి పూజలు చేసుకుంటారు. గుడినైతే విప్పి కట్టినారు, ఊరిని అట్ల కట్టలేం కదా.

జవాబు: మీ ఇద్దరికీ థ్యాంక్స్. నాయనమ్మకు ఫోన్ చేసి పహాణీలో ఉన్న పేరు చదివితే "మన పాటిచేను కదరా" అంది వెంటనే. గత్తర (కలరా) వచ్చి ఊరు ఖాళీ అయిపోయిందని వాళ్ళత్త చెప్పేదట. ఇప్పుడక్కడ మిగిలింది ఒక చింతచెట్టు, మెట్లబావి, సింధూరం పూసిన ఆంజనేయుడి రాయి. మీ మండలాల్లో ఇట్లాంటి ఊర్ల పేర్లుంటే కింద రాయండి, పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాయండి.