అప్‌డేట్: స్టార్టప్ ఇండియా గుర్తింపు దరఖాస్తు వెనక్కి రావడం – పరిష్కారమైంది

మిత్రులం కలిసి రూపొందించిన యాప్ కోసం పెట్టిన భాగస్వామ్య సంస్థకు స్టార్టప్ ఇండియా (కొత్త సంస్థలను ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ పథకం) గుర్తింపు కోరితే దరఖాస్తు ఎందుకు వెనక్కి వచ్చిందని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. భాగస్వామ్య పత్రాన్ని ముందు పరిశీలించమన్న సూచనే ఫలించింది: దానిని నోటరీ చేయించినంత మాత్రాన చాలదని, భాగస్వామ్య సంస్థ అయితే 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 59వ సెక్షన్ కింద రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ వద్ద నమోదై ఉండాలని చార్టర్డ్ అకౌంటెంట్ తేల్చారు. నమోదు పూర్తిచేసి మళ్లీ దరఖాస్తు చేయగా గుర్తింపు పత్రం వచ్చింది.

పేటెంట్ లేకపోవడం అడ్డు కాలేదు. ఇంక్యుబేటర్ (కొత్త సంస్థలకు తొలి దశలో తోడ్పడే కేంద్రం) సిఫారసు లేఖ నిబంధనను 2017లోనే తొలగించారు కాబట్టి దాని కోసం తిరగడం (మాలో ఒకరు బాగానే తిరిగారు) అనవసరం. అయితే స్టార్టప్‌ల లాభాలపై ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు (1961 చట్టంలో 80-ఐఏసీ సెక్షన్) ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలకు, ఎల్‌ఎల్‌పీలకు (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థలకు) మాత్రమే వర్తిస్తుంది. అది కూడా కావాలనుకునేవారు మొదటే ఆ రూపంలో సంస్థను పెట్టుకోవడం మేలు.