అప్‌డేట్: 82 మ్యాచ్‌లూ చూడకుండా ఎన్‌బీఏ సీజన్ ఫాలో అవ్వడం

ఎన్‌బీఏలో (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఒక జట్టు సీజన్‌లో ఆడే 82 మ్యాచ్‌లూ చూసే తీరిక లేనివాళ్లు సీజన్‌ని ఎలా ఫాలో అవ్వాలని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. వచ్చిన సలహాల్లో అన్నిటికన్నా పనికొచ్చింది జట్ల స్థానాల పట్టిక చదివే పద్ధతే.

పట్టికలో గేమ్స్ బిహైండ్ అంటే ఒక జట్టు పైజట్టుకి ఎంత వెనకుందో చెప్పే అంకె: రెండు జట్ల గెలుపుల తేడా, ఓటముల తేడా కలిపి అందులో సగం. 30–20 (30 గెలుపులు, 20 ఓటములు) జట్టు కంటే 27–21 జట్టు 2 గేమ్‌లు వెనక. కానీ 30–20, 29–19 జట్ల మధ్య ఇది సున్నా చూపిస్తుంది. మెరుగైన స్థితి రెండోదానిదే: ఆడని మ్యాచ్‌లు ఇంకా గెలవచ్చు, పడ్డ ఓటమి చెరగదు. మార్చి వచ్చాక ఓటముల గడి చూస్తే చాలు.

పట్టికలో అసలు గీత 6వ స్థానానికీ 7వ స్థానానికీ మధ్య ఉంది. కాన్ఫరెన్స్‌లో (లీగ్‌లోని రెండు సగాల్లో ఒకటి) ఆరో జట్టు నేరుగా ప్లేఆఫ్స్‌కి, అంటే టైటిల్ కోసం జరిగే నాకౌట్ దశకి, వెళ్తుంది. 7, 8 జట్లకు ప్లే-ఇన్‌లో (ప్లేఆఫ్స్‌లో మిగిలిన చోట్ల కోసం ఆడే మ్యాచ్‌లు) రెండు అవకాశాలుంటాయి. 9, 10 జట్లయితే వరసగా రెండు గెలవాలి.

నెట్ రేటింగ్ (100 పొసెషన్లకు, అంటే బంతి చేతికొచ్చిన 100 సార్లకు, పాయింట్ల తేడా) సీజన్ మొదట్లో నమ్మొద్దు. రెండు మూడు ఏకపక్ష మ్యాచ్‌లు చాలు, అంకె ఉబ్బిపోతుంది. వరస రాత్రుల్లో రెండో మ్యాచ్‌కి స్టార్లు ఆడకుండా విశ్రాంతి తీసుకున్నారేమో కూడా చూడాలి.

ఎన్‌బీఏ కప్ (సీజన్ మధ్యలో జరిగే టోర్నీ) గురించీ అడిగాను: ఫైనల్ తప్ప మిగతావన్నీ 82లో భాగమే. గ్రూపులో జట్లు సమంగా ఉంటే పాయింట్ల తేడా కూడా టైబ్రేకర్ కాబట్టి, గెలుపు ఖాయమయ్యాక కూడా షాట్లు వేస్తూనే ఉంటారు.