కోఠి షాపు దొంగతనం కేసు, నాంపల్లి కోర్టు సమన్లు: మొదటి రోజు ఏం జరుగుతుంది?

ప్రశ్న (చింతల్ నుంచి ఒక అక్క)

అందరికీ నమస్కారం. మా తమ్ముడు కోఠిలో ఒక సెల్‌ఫోన్ షాపులో సేల్స్‌మన్‌గా చేసేవాడు. స్టాకులో రెండు ఫోన్లు తగ్గాయని, వాటి ఖరీదు 38,000 అని ఓనర్ కంప్లయింట్ ఇచ్చాడు. పోలీసులు అరెస్టు చేయలేదు, నోటీసు ఇచ్చి స్టేషన్‌కు పిలిపించి మాట్లాడి పంపించారు. ఇప్పుడు నాంపల్లి కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. సెక్షన్ 306 బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) అని ఉంది. ఏడేళ్లు పడుతుందని ఎవరో చెప్పారు, అప్పటి నుంచి అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. తెలిసినాయన ఒకరు "కోర్టులో ఒప్పేసుకుని ఫైన్ కట్టండి, ఒక్క రోజులో అయిపోతుంది" అంటున్నారు. వాడేమో నేను తీయలేదక్కా అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు (నాంపల్లిలో ప్రాక్టీసు చేసే అడ్వకేట్)

అమ్మా, ముందు ఆ పెద్దమనిషి సలహా పక్కన పెట్టండి. ఒప్పుకుంటే దోషి అని తీర్పు రికార్డుకెక్కుతుంది. రేపు ప్రభుత్వ ఉద్యోగం, పోలీసు వెరిఫికేషన్, పాస్‌పోర్టు, అన్నిచోట్లా అది అడ్డం వస్తుంది. పైగా తీయలేదని అంటున్న పిల్లవాడి చేత తీశానని చెప్పించడం అన్యాయం.

ఇక సెక్షన్ సంగతి. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మామూలు దొంగతనం 303(2), గరిష్ఠంగా మూడేళ్లు. పనిచేసేవాడు యజమాని వస్తువు తీశాడంటే 306, పాత ఐపీసీ 381 ఇదే. ఏడేళ్లన్నది పైహద్దు మాత్రమే, జరిమానా కూడా ఉంటుంది. నేరం రుజువైనా అంత శిక్ష వేయాలని లేదు. స్టాకు లెక్కలో తేడా చూపిస్తే సరిపోదు. ఆ ఫోన్లను మీవాడే, ఓనర్ అనుమతి లేకుండా, దురుద్దేశంతో తీశాడని ప్రాసిక్యూషన్ నిరూపించాలి. సీసీ ఫుటేజీ ఉందా, ఆ కౌంటర్‌లో ఇంకెవరు పనిచేశారు, ఫోన్లు ఎక్కడైనా దొరికాయా అన్నవి మీ లాయర్ చూస్తారు.

మొదటి రోజు తీర్పు ఉండదు, సాక్షుల విచారణా ఉండదు. కేసు పిలిచినప్పుడు వెళ్లి నిలబడాలి. జడ్జిగారు పేరు, తండ్రి పేరు అడుగుతారు. లాయర్ వకాలత్ (మీవాడి తరఫున వాదించే అధికార పత్రం) వేస్తారు. చార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాల కాపీలు ఉచితంగా ఇవ్వాలి, ఇచ్చినవన్నీ ఉన్నాయో లేదో సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి. తర్వాత వాయిదా వేస్తారు. కాపీలు అందిన 60 రోజుల లోపు డిశ్చార్జి పిటిషన్ (విచారణకు ముందే కేసు నుంచి తప్పించమని కోరేది) వేసుకునే వీలుంది. కేసు ముందుకెళితే చార్జీలు (ఆరోపణలు) చదివి "ఒప్పుకుంటావా" అని అడుగుతారు. అప్పుడు ఒప్పుకోనని, విచారణ కావాలని చెప్పాలి.

జైలు భయం గురించి. 306 నాన్ బెయిలబుల్ నిజమే, అంటే బెయిల్ రాదని కాదు, ఇవ్వడం కోర్టు విచక్షణ. దర్యాప్తులో అరెస్టు చేయకుండా, సహకరించిన వ్యక్తి సమన్లపై హాజరైతే, ఏడేళ్ల వరకూ శిక్ష ఉన్న కేసుల్లో అతన్ని కస్టడీలోకి తీసుకోకుండానే బెయిల్ పిటిషన్ తేల్చవచ్చని సుప్రీంకోర్టు 2022లో సతేందర్ కుమార్ అంతిల్ కేసులో చెప్పింది. కాబట్టి పిటిషన్, ష్యూరిటీలు (జామీను ఉండేవాళ్లు) అదే రోజుకు సిద్ధంగా ఉండాలి. సమన్లు, పాత నోటీసు, స్టేషన్‌కు వెళ్లిన తేదీలు లాయర్‌కు ఇవ్వండి.

ఏమైనా సరే, ఆ తేదీకి మాత్రం గైర్హాజరు కావద్దు. వారెంటు వచ్చిందంటే ఇప్పటిదాకా ఉన్న మంచి పేరంతా పోతుంది.

జవాబు (మల్కాజిగిరి నుంచి)

అక్కా, మా బావ కేసులో నేనే వెంట తిరిగాను. పదిన్నర లోపే వెళ్లండి, మీ కోర్టు ఏ అంతస్తులో ఉందో ముందురోజే చూసుకుంటే టెన్షన్ తగ్గుతుంది. మీ నంబరు మధ్యాహ్నం వరకూ రాకపోవచ్చు, టీకని బయటికి పోవద్దు. ష్యూరిటీలకు ఆధార్, ఫొటోలు, జీతం సర్టిఫికెట్ లేదా ఇంటి పన్ను రసీదు లాంటివి అడుగుతారు. ఏవి కావాలో లాయర్‌నే అడగండి. తర్వాతి వాయిదాలు ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్‌ఆర్ నంబర్ (ఒక్కో కేసుకు ఉండే ప్రత్యేక నంబర్) కొడితే కనిపిస్తాయి.

ప్రశ్న అడిగిన అక్క

చాలా ధన్యవాదాలు సార్, తమ్ముడూ మీకూ. ఇంకో రెండు. స్టేషన్‌లో ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారట. అది ఒప్పుకోలు అయితే? ఓనర్ కూడా 40,000 చేతికిస్తే కేసు వదిలేస్తానని కబురు పెట్టాడు. మాకు లాయర్ ఫీజుకే కష్టంగా ఉంది.

అడ్వకేట్

పోలీసులకు చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు, భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 23 అదే చెబుతుంది. ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకే పనికొస్తుంది. మీ కేసులో రికవరీ ఉందా లేదా అన్నది చార్జిషీటులో చూడాలి.

డబ్బు చేతికివ్వవద్దు. తీసుకున్నాక కేసు ఆపడం ఓనర్ ఒక్కడి చేతిలో లేదు. 306లో రాజీ కుదరాలంటే వస్తువు యజమాని ఒప్పుకోవాలి, కోర్టు అనుమతీ కావాలి. అది కూడా మీ తమ్ముడు మనస్ఫూర్తిగా కోరుకుంటేనే, లాయర్ సమక్షంలో, లోక్ అదాలత్‌లోనో కోర్టు ముందో కాగితం మీద జరగాలి.

ఫీజు కష్టమైతే రేపే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఎక్కడో అడిగి సమన్లతో వెళ్లండి. ఆదాయ పరిమితికి లోబడినవారికి, ఎస్సీ, ఎస్టీలకు ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. వాయిదా తేదీకి వారం ముందే వెళితే ఆ లాయర్‌కు బెయిల్ పిటిషన్ రాసుకునే సమయం దొరుకుతుంది.