పల్లెలో ఇల్లు కొన్నాం, తుపాకీ కూడా కొనాలా?

ప్రశ్న: పదెకరాలు

టెక్సాస్‌లో నగరానికి గంటన్నర దూరంలో పది ఎకరాల స్థలాన్ని, అందులో ఉన్న పాత చెక్క ఇంటిని కొనుక్కుని పోయిన వేసవిలో అక్కడికి మారాము. నాకూ నా భార్యకూ గ్రీన్‌కార్డులున్నాయి. మా పాపకు తొమ్మిదేళ్లు. చలికాలంలో మా అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి కొన్ని నెలలు మాతో ఉంటారు.

పోయిన నెలలో ఒక రాత్రి రెండు గంటలప్పుడు ఏదో బండి దీపాలు ఆర్పుకుని మా గేటు దాకా వచ్చి, అయిదారు నిమిషాలు ఆగి, వెనక్కి వెళ్లిపోయింది. 911కు ఫోన్ చేస్తే షెరీఫ్ డిప్యూటీ వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆయన మర్యాదగానే మాట్లాడి, ఆ రాత్రి కౌంటీ మొత్తానికి తాము ఇద్దరమే తిరుగుతున్నామని చెప్పి, ఇంట్లో తుపాకీ ఉందా అని అడిగారు. లేదంటే ఆయన ముఖంలో కనిపించిన ఆశ్చర్యం నాకింకా గుర్తుంది. దీనికి తోడు అడవి పందులు వారానికొకసారి వచ్చి పెరడంతా దున్నిపోతున్నాయి.

తుపాకీని దగ్గరగా చూసి ఎరగని కుటుంబం మాది. మాలాంటి వాళ్లకు అది అవసరమా? అవసరమైతే ఎలాంటిది కొనాలి, పసిపిల్ల ఉన్న ఇంట్లో ఎలా ఉంచాలి? ఇప్పటికే ఉంచుకున్నవారు, వద్దనుకున్నవారు ఇద్దరూ చెబితే మేలు.

జవాబు: మేకలదొడ్డి

పద్దెనిమిదేళ్లుగా ఇలాంటి చోటే మేకలు పెంచుకుంటూ ఉంటున్నాను, నా ఇంట్లో మూడు తుపాకులున్నాయి. నా మాట ఎటు మొగ్గుతుందో దీన్నిబట్టే మీకు తెలిసిపోతుంది.

మీ ప్రశ్నలో రెండు తుపాకులు కలిసిపోయాయి. ఒకటి పొలం పనికి వాడేది, రెండోది ఇంటి రక్షణ కోసం దాచుకునేది. మొదటిది నాకు గడ్డపార లాంటి పనిముట్టు. కయోటీలు, అంటే ఇక్కడి నక్కల్లాంటి జంతువులు, మేకపిల్లల మీద పడినప్పుడు, కాలు విరిగి ఇక లేవలేని మేకకు బాధ తప్పించవలసి వచ్చినప్పుడు దాన్ని తీశాను. రెండోదాన్ని ఇన్నేళ్లలో మనిషి మీదికి ఒక్కసారి కూడా ఎత్తలేదు. పల్లెలో తుపాకీ ఉన్నవాళ్లలో చాలామంది అనుభవం ఇంతేనని నా నమ్మకం, అయితే ఈ మాట ఒప్పుకునేవాళ్లు తక్కువ.

పందుల విషయం ముందు తేల్చేస్తాను. సొంత భూమిలో, లేదా యజమాని అనుమతి ఉన్న భూమిలో అడవి పందులను చంపడానికి 2019 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో వేట లైసెన్సు అక్కర్లేదు. కానీ ఒకదాన్ని కాలిస్తే మిగిలిన మంద చెదిరి మరింత జాగ్రత్తపడుతుందే తప్ప తరగదు. మంద మొత్తం లోపలికి వచ్చేదాకా ఓపికపట్టి తలుపు వేసే పెద్ద బోను పెట్టడమే ఎక్కువ ఫలితమిస్తుంది. కాబట్టి పందుల పేరు చెప్పి తుపాకీ కొనకండి.

ఇక ఇంటి రక్షణ. ఆ రాత్రి మీ దగ్గర తుపాకీ ఉంటే ఏం చేసేవారో ఒకసారి ఊహించుకోండి. గేటు దగ్గర ఆగిన బండి వైపు తుపాకీ పట్టుకుని చీకట్లో నడిచి వెళ్లేవారా? ఆ బండిలో ఉన్నది దారి తప్పినవాడో, తాగి నిద్ర ఆపుకోలేక ఆగినవాడో, నిజంగా దొంగో మీకు తెలియదు. అంత దూరం నుంచి తెలుసుకునే మార్గం కూడా లేదు. నేనైతే బయటికి వెళ్లను. ఇంట్లోవాళ్లందరినీ ఒకే గదిలోకి చేర్చి, తలుపు గడియ పెట్టి, 911 లైను కట్ చేయకుండా ఆ గదిలోనే ఉంటాను. తుపాకీ ఉంటే దాని స్థానం ఆ గదిలోనే, గుమ్మం వైపు చూస్తూ. ఈ పథకం ముందు కుదరాలి, ఆయుధం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. తలుపు చట్రానికి పొడవాటి స్క్రూలు బిగించడం, కదలికకు వెలిగే దీపాలు పెట్టడం, గేటుకు తాళం వేయడం, గేటు దగ్గరే కెమెరా పెట్టడం, వీటన్నిటికీ ఒక శని, ఆదివారాలు చాలు.

అన్నిటికంటే ముందు కుక్క. మాకు గ్రేట్ పిరనీస్ జాతి కుక్కలు రెండున్నాయి. రాత్రంతా మొరిగి నా నిద్ర పాడుచేస్తాయన్న మాట నిజమే కానీ, నా తుపాకులు మూడూ కలిసి చేయలేని పని అవి చేస్తాయి. ఎవరైనా వస్తున్నారని నాకు ముందే చెబుతాయి, ఆ వచ్చేవాడికి నేను మేలుకున్నానని కూడా చెబుతాయి.

ఇవన్నీ అమర్చుకున్నాక కూడా కావాలనిపిస్తే ఏది కొనాలి? పల్లెలో ఎవరిని అడిగినా, ఒక్క తోటాతో చాలా గుళ్లు చిమ్మే పన్నెండు గేజ్ షాట్‌గన్ పేరే చెబుతారు. గొట్టం వ్యాసానికి సరిపోయే సీసపు గుండ్లు పన్నెండు తూచితే ఒక పౌను అవుతుంది, అందుకే ఆ పేరు. దాని గురించి వినే కబుర్లలో ఒకదాన్ని మాత్రం నమ్మకండి. గురి చూడకుండా పేల్చినా తగులుతుందని అంటారు. గది లోపలి దూరంలో ఆ గుళ్లు జానెడు మేర కూడా విడిపోవు, కనుక గురి తప్పితే అన్నీ కలిసి తప్పుతాయి. తప్పినవి ఆగవు కూడా. ఇక్కడి ఇళ్ల లోపలి గోడలు చెక్క చట్రానికి బిగించిన జిప్సం పలకలే కాబట్టి, లావు గుళ్ల తోటా పేలిస్తే అవి రెండు మూడు గోడలు దాటిపోతాయి. మీ పాప మంచం ఏ గోడకు అవతల ఉందో చూసుకోండి. చిన్నదనుకునే .22 రైఫిల్ తూటా సైతం ఆరుబయట మైలు దాటి పోగలదు. పది ఎకరాలంటే విశాలంగా అనిపిస్తుంది కానీ, తూటాకు అది పక్కింటి గుమ్మం దూరం.

వాడటం వరకు నాలుగు నియమాలున్నాయి. ప్రతి తుపాకీలోనూ తోటా ఉందనే భావించాలి. నాశనం కాకూడని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. గురి పెట్టినది ఏమిటో, దాని వెనుక ఏముందో తెలియాలి. ఇవన్నీ కంఠతా వచ్చిన నేనే ఆరేళ్ల కిందట, ఖాళీగా ఉందనుకున్న రైఫిల్‌ను శుభ్రం చేయబోతూ గోడకు రంధ్రం పెట్టాను. రెండో నియమం మాత్రం పాటించి ఉన్నాను కాబట్టి నష్టం గోడతోనే పోయింది. ఆ రంధ్రాన్ని ఇప్పటికీ పూడ్చలేదు.

జవాబు: చట్టం చదివేవాడు

వృత్తిరీత్యా న్యాయవాదిని కాను, వలసదారులు తరచుగా పొరపడే చోట్లు మాత్రం రాస్తున్నాను.

గ్రీన్‌కార్డు ఉన్నవారు తుపాకీ కొనడానికి సమాఖ్య చట్టంలో అడ్డు లేదు. దుకాణంలో 4473 నంబరు ఫారం నింపాలి. దాని ఆధారంగా 1998 నవంబరు నుంచి నడుస్తున్న జాతీయ తనిఖీ వ్యవస్థలో మీ చరిత్ర చూస్తారు. ఆ ఫారంలో తెలిసి అబద్ధం రాయడమే ఒక నేరం. లైసెన్సున్న వ్యాపారి దగ్గర రైఫిలు, షాట్‌గన్‌లకు పద్దెనిమిదేళ్లు, పిస్తోలుకు ఇరవై ఒక్కేళ్లు నిండాలి. షాట్‌గన్ గొట్టం 18 అంగుళాలకు తగ్గితే 1934 నాటి జాతీయ తుపాకుల చట్టం పరిధిలోకి వస్తుంది కనుక, ఇంట్లో తిప్పడానికి వీలుగా ఉంటుందని ఎవరూ గొట్టం కోయించకండి.

వీసా మీద ఉన్నవారి సంగతి వేరు. హెచ్-1బీ, ఎఫ్-1, విజిటర్ వంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవారు తుపాకీని గానీ తూటాలను గానీ కలిగి ఉండటం సమాఖ్య చట్టం ప్రకారం నిషిద్ధం. గడువు తీరని వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. శిక్ష పదిహేనేళ్ల దాకా ఉండవచ్చు, పైగా ఆయుధాల నేరం దేశ బహిష్కరణకు కూడా కారణమవుతుంది. 'కలిగి ఉండటం' అంటే చేతిలో పట్టుకోవడం మాత్రమే కాదు, కావాలనుకుంటే తీసి వాడుకోగల స్థితిలో ఉండటం కూడా అందులోకి రావచ్చు. అందువల్ల తుపాకీ కొని సేఫ్‌లో పెడితే, మీ అమ్మానాన్నలకు దాని నంబరు చెప్పకండి, తాళంచెవి ఇంట్లో అందరికీ తెలిసిన కొక్కేనికి తగిలించకండి.

టెక్సాస్‌లో పదిహేడేళ్ల లోపు పిల్లలకు తోటా నింపిన తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా వదిలేయడం నేరం. ఆత్మరక్షణ విషయానికొస్తే, బలవంతంగా ఇంట్లోకి చొరబడినవాడి మీద ప్రాణాంతకమైన బలప్రయోగం చేసినవారికి 2007 నాటి సవరణ గట్టి అండనే ఇచ్చింది. అయితే గేటు బయట ఆగిన బండికి ఆ అండ వర్తిస్తుందని అనుకోకండి. వేరే రాష్ట్రానికి మారితే ఈ పేరా మొత్తం మళ్లీ మొదటినుంచి చదువుకోవలసిందే.

జవాబు: వేపనీడ

మేకలదొడ్డి గారు నిజాయితీగా రాశారు. కానీ ఇప్పటిదాకా అందరూ గేటు బయటి మనిషి గురించే మాట్లాడుతున్నారు, గేటు లోపలి మనుషుల మాట ఎవరూ ఎత్తలేదు.

2021లో అమెరికాలో తుపాకీ వల్ల చనిపోయిన 48,830 మందిలో 26,328 మంది ఆత్మహత్య చేసుకున్నవారు. అంటే సగానికి పైగా. ఇంటి రక్షణ కోసం కొన్న ఆయుధం ఇంట్లోవారి చేతికే, వారి అతి బలహీనమైన ఘడియలో అందడం ఈ లెక్కలో ఉంది. మిగతా మార్గాల్లో చాలావాటికి మనసు మార్చుకునే వ్యవధి, ఎవరైనా వచ్చి కాపాడే అవకాశం కొంతైనా ఉంటాయి. తుపాకీ ఆ వ్యవధి ఇవ్వదు.

నా భర్తకు ఉద్యోగం పోయిన ఏడాది మేము కూడా ఇలాంటి పల్లెలోనే ఉన్నాము. పలకరించడానికి మనుషులు లేక, పగలంతా ఒంటరిగా కూర్చుని ఆయన రోజురోజుకూ మూగబోయారు. ఒకరోజు ఆయనే నన్ను పిలిచి, రెండు తుపాకులనూ కొన్నాళ్లు మన స్నేహితుడి ఇంట్లో ఉంచుదాం అన్నారు. ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ సాయంత్రమే ఇచ్చి వచ్చాము. ఆయన కోలుకున్నాక కూడా వాటిని తిరిగి తెచ్చుకోలేదు. అలాంటి రోజులు ఎవరికైనా వస్తే ఆత్మహత్య ఆలోచనల్లో సాయమందించే 988 నంబరుకు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయవచ్చు, సందేశం కూడా పంపవచ్చు.

పల్లె జీవితంలో దూరం పోలీసులకే కాదు, వైద్యుడికీ ఉంటుంది, స్నేహితుడికీ ఉంటుంది. మీరు తుపాకీ కొనకూడదని నేను అనను. కొన్నవాళ్లు దాన్ని ఎప్పుడు ఇంట్లోంచి పంపేయాలో కూడా భార్యాభర్తలిద్దరూ ముందే మాట్లాడుకోవాలంటాను.

జవాబు: మేకలదొడ్డి

వేపనీడ గారూ, మీరు చెప్పినదాన్ని నేను రాయవలసింది, రాయలేదు. మా ఇంట్లో తుపాకుల సేఫ్‌కు నంబరుతో పాటు రెండు తాళంచెవులున్నాయి. మీ జవాబు చదివాక ఒకటి నా భార్యకిచ్చాను. నేను ఎప్పుడైనా అలా మూగబోతే నన్ను అడగకుండానే నంబరు మార్చించెయ్యమని కూడా చెప్పాను.

ప్రశ్న అడిగినవారి జవాబు: పదెకరాలు

అందరికీ కృతజ్ఞతలు. విజిటర్ వీసా సంగతి మాకు బొత్తిగా తెలియదు. నిన్న రాత్రి నేనూ నా భార్యా కూర్చుని మాట్లాడుకున్నాము. ప్రస్తుతానికి తుపాకీ కొనడం లేదు. గేటుకు తాళం, దీపాలు, పడకగదికి గట్టి తలుపు, ఈ మూడూ ఈ నెలలోనే పూర్తి చేస్తాము. ఇద్దరం కలిసి ఒక భద్రతా శిక్షణ తరగతికి వెళ్లి, అక్కడ కాల్చి చూసి, అమ్మానాన్నలు తిరిగి వెళ్లాక మళ్లీ ఆలోచిస్తాము. చివరగా ఒక్క సందేహం. గ్రేట్ పిరనీస్ పిల్లను తెచ్చుకుంటే, మేకలు లేని మా స్థలంలో అది ఉండగలదా? మా నాన్నగారికి కుక్కలంటే భయం కూడా.

జవాబు: మేకలదొడ్డి

ఉండగలదు, కానీ కాపాడటానికి ఏదీ లేకపోతే తిరుగుబోతుగా మారి పక్కవాళ్ల పొలాల్లో తేలుతుంది. ముందు కంచె బాగుచేయించండి, వీలైతే నాలుగు కోళ్లనైనా పెంచండి. పిల్లను ఎంచుకునేటప్పుడు దాని తల్లి మందల మధ్య పనిచేస్తున్నదా, కొత్తవాళ్లు లోపలికి వచ్చినప్పుడు యజమాని మాటకు ఆగుతున్నదా చూసుకోండి. మీ నాన్నగారు వచ్చిన మొదటి వారం దాని గిన్నెలో అన్నం ఆయన చేతే పెట్టించండి.